ఇనుప పొడి, అల్యూమినియం పొడి: పెట్రోలు, బొగ్గులకు బదులు లోహాలు కాల్చొచ్చా?

కొలిమి
నెదర్లాండ్స్‌లోని లీస్‌హౌట్‌లో స్వింకెల్స్ అనే బీరు తయారీ సంస్థ ఉంది. 2020లో అక్కడ ఇనుప పొడి కాల్చి ఆవిరి పుట్టించారు. 100 కిలోవాట్ల యంత్రం, ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు కట్టినది. చిచ్చుబుడ్డిలో ఇనుప రజను ఎలా మండుతుందో ఇక్కడా అంతే. కాలాక మిగిలేది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు. దాన్ని పోగుచేసి హైడ్రోజన్‌తో మళ్లీ ఇనుముగా మార్చొచ్చు. మంటలో కార్బన్ లేదు కాబట్టి కార్బన్ డయాక్సైడూ లేదు. ముడి చమురులో 85 శాతానికి పైగా బయటినుంచి తెచ్చుకునే మన దేశం దీన్ని పట్టించుకోవాలని నా వాదన. మీరేమంటారు?

సూళ్లూరుపేట శ్రీను
ఇనుము దగ్గరే ఎందుకు ఆగాలండీ? మా పక్కన శ్రీహరికోటలో ఎగిరే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో మండేది అల్యూమినియం పొడి కలిపిన ఘన ఇంధనమే. లీటరు పెట్రోలులో 34 మెగాజౌళ్లుంటే, అంతే పరిమాణం అల్యూమినియంలో 84 దాకా ఉన్నాయి. నీటితో చర్య జరిపిస్తే కిలోకి 110 గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. పైన ఉండే ఆక్సైడ్ పొర అడ్డుపడుతుందన్నది నిజమే. అయితే గాలియం అనే లోహం కలిపితే ఆ పొర నిలవదని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జెర్రీ వుడాల్ 2007లోనే చూపించారు. అల్యూమినియం-గాలి బ్యాటరీ చేసే ఇజ్రాయెల్ సంస్థ ఫినర్జీలో మన ఇండియన్ ఆయిల్ 2020లో వాటా కూడా కొన్నది. ఊరికే కొనరు కదా.

బాయిలర్ ఇంజినీరు
శ్రీను గారూ, రాకెట్‌ను ఉదాహరణగా తీసుకోకండి. అది మండేది నిమిషాల లెక్క, అక్కడ ఇంధనం ధర ఎవరూ చూడరు. భూమ్మీద లెక్క వేరు.

కిలో అల్యూమినియం తీయడానికి 14 యూనిట్ల కరెంటు అటూ ఇటూగా ఖర్చవుతుంది. కాలిస్తే వచ్చే వేడి 31 మెగాజౌళ్లు, అంటే 8.6 యూనిట్లు. ఆ వేడిని మళ్లీ కరెంటు చేస్తే చేతికి మూడున్నర కూడా రాదు. బ్యాటరీలో అయితే సిద్ధాంతం ప్రకారం 8, నిజంగా అందేది అందులో సగం చుట్టూ. పైగా ఆ లోహాన్ని తీసేటప్పుడు కరెంటు పంపే కార్బన్ దిమ్మెలు (ఆనోడ్లు) కరిగిపోయి, కిలోకి కిలోన్నర దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఒడిశాలోని అంగుళ్‌లో నాల్కో స్మెల్టర్‌కి, అంటే అల్యూమినియం తీసే కర్మాగారానికి, కరెంటు బొగ్గు నుంచే వస్తోంది. పొగ కారు దగ్గర కనబడదు, అంగుళ్‌లో కనబడుతుంది.

ఇనుము కారుకి అసలు పనికిరాదు. కిలోకి 7.4 మెగాజౌళ్లే. 45 లీటర్ల పెట్రోలు ట్యాంకుకి సమానం కావాలంటే 207 కిలోల ఇనుము మోయాలి. కాలేకొద్దీ గాలిలో ఆక్సిజన్ పట్టుకుని బరువు పెరుగుతుంది కూడా, చివరికి 296 కిలోల తుప్పుతో ఇంటికొస్తారు. మిగిలేది ఘనపదార్థం కాబట్టి మామూలు ఇంజన్ సిలిండర్‌లో కాల్చలేం.

చింతపల్లి కాఫీ
అల్యూమినియం అనగానే మాకు దాని ముడి ఖనిజం బాక్సైట్ గుర్తొస్తుందండీ. 2015 నవంబరులో మా కొండల్లో బాక్సైట్ తవ్వకానికి దారి తీస్తూ జీవో 97 వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా ఎలా భగ్గుమందో చూసినవాళ్లం. 2019లో అది రద్దయింది. మా గెడ్డలన్నీ ఆ కొండల్లోంచే పుడతాయి. ఇప్పుడు "స్వచ్ఛ ఇంధనం" పేరుతో అదే తవ్వకం మళ్లీ తలుపు తట్టకూడదు.

సూళ్లూరుపేట శ్రీను
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఇది వాడి పారేసే ఇంధనం కాదు, ఆక్సైడ్ మళ్లీ లోహమవుతుంది. ఏటా కొత్తగా తవ్వే పని ఉండదు.

చింతపల్లి కాఫీ
మొదటిసారి నింపే సరుకు ఎక్కడిదండీ? దేశానికి సరిపడా ఇంధనమంటే ఆ మొదటి నింపుడే కొండలు మింగుతుంది.

రామగుండం పిల్లగాడు
కొలిమి అన్నా, జర్మనీల డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయంవాళ్లు పాత బొగ్గు ప్లాంట్లలో ఇనుప పొడి కాల్చే సంగతి మీద పరిశోధన చేస్తున్నరు. బొగ్గు గనులు మూతపడితే మా తాన ప్లాంట్లు, పనోళ్లు ఏం కావాలె? బాయిలరు, టర్బైను, లైన్లు అన్నీ ఉన్నయి. పొయ్యిల ఇంధనం మారితే చాలదా?

బాయిలర్ ఇంజినీరు
తమ్ముడూ, నీ ప్రశ్న వెనక ఉన్నది కుటుంబాల బతుకు, అందుకే లెక్క వేసి చెప్తున్నా. 500 మెగావాట్ల ఒక్క యూనిట్ నిండా నడిస్తే రోజుకి 15,000 టన్నుల పైచిలుకు ఇనుప పొడి కావాలి. విశాఖ ఉక్కు కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు, అంటే రోజుకి 20,000 టన్నులు. ఆ పొడి కాలాక 22,000 టన్నుల తుప్పు వ్యాగన్లలో వెనక్కి పోవాలి. అంత చేశాక, మొదట పెట్టిన కరెంటులో తిరిగొచ్చేది నాలుగో వంతు. నీళ్లను పైకి తోడి దింపే పంప్డ్ స్టోరేజీలో 75 శాతానికి పైగా తిరిగొస్తుంది. కరెంటు కోసం ఇనుము వద్దు.

కొలిమి
కరెంటు కోసం వద్దన్నది ఒప్పుకుంటా. నేనడిగింది వేడి సంగతి. కిలో ఇనుము తిరిగి తయారు చేయడానికి 54 గ్రాముల హైడ్రోజన్ కావాలి. దానికీ కొలిమి వేడికీ కలిపి మూడు యూనిట్లనుకుందాం. కాలిస్తే రెండు యూనిట్ల వేడి వస్తుంది, మూడింట రెండొంతులు. మందుల కంపెనీలకి, అద్దకం మిల్లులకి కావలసింది ఆవిరే. ఇనుము హైడ్రోజన్‌లా కారిపోదు, ఒత్తిడి సిలిండర్లు అక్కర్లేదు, తడి తగలకుండా ఉంచితే ఎండాకాలం సౌరశక్తిని శ్రావణ మాసం దాకా దాచొచ్చు.

బాయిలర్ ఇంజినీరు
ఎండ ఉన్నంతసేపు ఆ మూడు యూనిట్లు నేరుగా హీటర్‌కి ఇస్తే మూడు యూనిట్ల వేడీ వస్తుంది. రాత్రికి, పగలు కరెంటుతో వేడెక్కించి ఉంచిన ఇటుకలు చాలు. నెలల తరబడి దాచడానికో, ఓడలో దూరదేశం పంపడానికో అయితే మీ మాట వింటాను. అప్పుడూ ఒక సంగతి తేలాలి. మంట మరీ వేడెక్కితే ఇనుము కొంత ఆవిరై, సూక్ష్మమైన ఆక్సైడ్ ధూళిగా మారుతుంది. పొగను సుడి తిప్పి పొడిని వేరుచేసే సైక్లోన్ సెపరేటర్ దాన్ని పట్టుకోలేదు. పైన చెప్పిన 500 మెగావాట్ల యూనిట్‌లో కాల్చి మళ్లీ ఇనుము చేసే ఒక్కో తిరుగుడుకి ఒక్క శాతం పోయినా రోజుకి 150 టన్నుల ఇనుము ఊరి మీద పడుతుంది, లేదా ఫిల్టర్లు నింపుతుంది. చిన్న బాయిలర్‌కైనా శాతం శాతమే. ఏడాదంతా నడిచిన యంత్రంలో ఎంత తిరిగి దొరికిందో కొలిచిన అంకె పెట్టండి, నేను మా మేనేజ్‌మెంట్ దగ్గరికి తీసుకెళ్తా.