వేసవిలో ఆక్టేవియాకు పెద్ద ఇంటర్‌కూలర్: అవసరమా, అలంకారమా?

కృష్ణాతీరం (విజయవాడ):

నా దగ్గర 2018 నాటి స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ కారు ఉన్నది. 2.0 టీఎస్‌ఐ (టర్బో పెట్రోలు) ఇంజను, కంపెనీ నుంచి వచ్చినప్పుడు శక్తి 230 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). నిరుడు దసరా తరువాత శక్తి పెంచడానికి ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాను. చలికాలమంతా బండి అద్భుతంగా లాగింది. ఏప్రిల్ వచ్చేసరికి పరిస్థితి మారింది. మిట్టమధ్యాహ్నం హైదరాబాదు రహదారి మీద వరుసగా రెండు మూడు లారీలను దాటిన తరువాత ఇంజను నీరసపడుతున్నది. అదే బండి, అదే బంకు పెట్రోలుతో, తెల్లవారుజామున మాత్రం ఏ లోపమూ చూపదు. రీమ్యాప్ చేసిన షెడ్డువారు కంపెనీ ఇంటర్‌కూలర్ (టర్బో అదిమి పంపే గాలిని ఇంజనుకు చేరేలోగా చల్లబరిచే పరికరం) చాలదని, బయటి తయారీది పెద్దది వేయించమని చెబుతున్నారు. బిగింపుతో కలిపి లక్షకు దగ్గరగా అవుతుందట. మిత్రుడొకరు మాత్రం అది శుద్ధ దండగ అంటున్నారు. ఎవరి మాట వినాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

నాలుగోగేరు (హైదరాబాదు):

కృష్ణాతీరం గారూ, మీ షెడ్డువారు చెప్పింది నిజం. టర్బో గాలిని అదిమినప్పుడు ఆ గాలి వేడెక్కుతుంది. రీమ్యాప్‌తో బూస్ట్ (టర్బో పెంచే గాలి పీడనం) ఎక్కువ చేశారు కాబట్టి మునుపటికంటే ఎక్కువగా వేడెక్కుతుంది. వేడి గాలితో నాకింగ్ (సిలిండరులో ఇంధనం అదుపు తప్పి మండటం) వచ్చే ప్రమాదం ఉన్నందున ఈసీయూ ఇగ్నిషన్ టైమింగును (స్పార్క్ పడే క్షణాన్ని) వెనక్కి జరుపుతుంది, అవసరమైతే బూస్ట్‌ను కూడా తగ్గిస్తుంది. మీరు నీరసం అంటున్నది ఇదే. కంపెనీవారు 230 పీఎస్‌కు సరిపడేలా అమర్చిన పరికరం మీద, రీమ్యాప్‌తో వచ్చే దాదాపు 290 పీఎస్ భారం మోపి, అది అలసిపోయిందని ఆశ్చర్యపోవడం న్యాయం కాదు. నన్ను అడిగితే రీమ్యాప్ కంటే ముందే ఇంటర్‌కూలర్ వేయించి ఉండవలసింది.

పాత ఇంజనీరు (విశాఖపట్నం):

సూత్రం సరే, లెక్క వేయకుండా లక్ష రూపాయలు ఖర్చు చేయడం సరికాదు. బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, బూస్ట్ 1 బార్ అనుకుందాం. అంటే గాలిని వాతావరణ పీడనానికి రెండింతలుగా అదుముతున్నాము. టర్బో కంప్రెసరు సామర్థ్యం 70 శాతమైతే దాని నుంచి వెలువడే గాలి దాదాపు 138 డిగ్రీల వద్ద ఉంటుంది. ఇంటర్‌కూలర్ పనితనాన్ని కొలిచే పద్ధతి తేలికైనదే: టర్బో వల్ల పెరిగిన వేడిలో ఎంత భాగాన్ని అది వెనక్కి లాగగలిగిందో చూడాలి. 70 శాతం లాగితే ఇంజనుకు చేరే గాలి 70 డిగ్రీల దగ్గర, 85 శాతం లాగితే 55 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ 15 డిగ్రీల తేడాతో గాలి సాంద్రత పెరిగేది 4 శాతం పైచిలుకు మాత్రమే. సాంద్రతకంటే టైమింగు నిలబడటమే అసలు లాభమని నాలుగోగేరు గారు అంటారు, అందులో నిజం ఉన్నది.

అయితే ప్రకటనలలో కనిపించని సంగతి ఇంకొకటి ఉన్నది. గాలి ఆ సన్నని దారుల గుండా వెళ్లేటప్పుడు కొంత పీడనాన్ని కోల్పోతుంది. లోపలి రెక్కలను మరీ దట్టంగా అమర్చిన చవక కోరులో (ఇంటర్‌కూలర్ లోపలి భాగంలో) పాతదానికంటే అదనంగా 0.1 బార్ పోయిందంటే, మొత్తం 2 బార్లలో 5 శాతం పోయినట్టే, అంటే చల్లదనంతో సంపాదించినది అక్కడే ఖర్చయిపోయింది. ఈ ఇంజనులో బూస్ట్ సెన్సరు ఇంటర్‌కూలర్ తరువాత ఉంటుంది కనుక, తగ్గిన పీడనాన్ని పూడ్చడానికి ఈసీయూ టర్బోను మరింత వేగంగా తిప్పిస్తుంది, దానితో గాలి మరింత వేడెక్కుతుంది. కాబట్టి కొలతలో పెద్దదా అని అడగకండి. ఎంత గాలి ప్రవాహం దగ్గర ఎంత పీడనం పోతుందో అడగండి. అమ్మేవారు ఆ అంకె చెప్పలేకపోతే మరొకరి దగ్గరకు వెళ్లండి.

షెడ్డు మనిషి (హైదరాబాదు):

ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా రెండు మాటలు చెప్పాలి. ఈ బండిలో ముందు ఏసీ కండెన్సర్, దాని వెనుక ఇంటర్‌కూలర్, ఆ వెనుక రేడియేటర్ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలోనిదాన్ని మందం చేస్తే, ట్రాఫిక్‌లో బండి నిలిచి ఉన్నప్పుడు వెనుక ఫ్యాన్లు ఆ మందమంతా దాటించి గాలిని లాగవలసి వస్తుంది. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఏసీ చల్లదనం తగ్గిందంటూ తిరిగి వచ్చినవారు నాకు తెలుసు. వారందరూ హైవే మీద మాత్రం సంతోషంగానే ఉన్నారు.

వేయించాలనే నిశ్చయించుకుంటే బిగింపు విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. బంపర్, దాని వెనుక దిమ్మ విప్పి, ముందు చట్రాన్ని ముందుకు జరిపి, కండెన్సరును గ్యాస్ గొట్టాలు విప్పకుండానే తాడుతో కట్టి వేలాడదీసి పని చేయాలి. ఎవరైనా గ్యాస్ తీసేస్తామంటే వారికి ఈ బండి కొత్తదని అర్థం. కొత్త ఇంటర్‌కూలరును పెట్టెలోంచి తీసి నేరుగా బిగించకూడదు. వెల్డింగు చేసినప్పటి లోహపు రజను లోపల మిగిలి ఉండవచ్చు, అది నేరుగా ఇంజనులోకి పోతుంది. కడిగి, కంప్రెసర్ గాలితో ఊది, పూర్తిగా ఆరిన తరువాతే వేయాలి. గొట్టాల మూతుల వద్ద ఉండే రబ్బరు సీళ్లు పాతవైతే మార్చాలి, అక్కడ పట్టిన నూనె జిడ్డును తుడవాలి, లేకపోతే బూస్ట్ వచ్చినప్పుడు గొట్టం జారి ఊడుతుంది. అంతా అయ్యాక గాలి పీడనం పెట్టి లీకు పరీక్ష చేయనిదే బంపర్ ఎక్కించవద్దు. కొన్ని కిట్లకు చోటు చాలక బంపర్ వెనుక దిమ్మను కోయమంటారు. ఢీకొన్నప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ దిమ్మే. నేను ఆ పని చేయను, చేయించుకోవద్దని కూడా చెబుతాను.

ఇంకొక మాట. కొత్తది కొనే ముందు ఉన్నదానికి లీకు పరీక్ష చేయించండి. టర్బో తరువాత ఎక్కడైనా గాలి కారుతుంటే దాన్ని భర్తీ చేయడానికి టర్బో అదనంగా శ్రమించి వేడిని పెంచుతుంది. లక్షణాలు మీరు చెప్పినట్టే ఉంటాయి.

గోదారి కుర్రాడు (రాజమహేంద్రవరం):

నాది స్కోడా కుషాక్ 1.0 టీఎస్‌ఐ. దీనికి కూడా ఇలాంటిది దొరుకుతుందా? పెద్దది వేస్తే టర్బో ల్యాగ్ (యాక్సిలరేటర్ తొక్కాక బూస్ట్ రావడంలో ఆలస్యం) పెరుగుతుందని విన్నాను, నిజమేనా?

పాత ఇంజనీరు:

మీ బండిలో ఇంటర్‌కూలర్ ముందు భాగంలో ఉండదు బాబూ. ఇన్‌టేక్ మ్యానిఫోల్డులోనే (సిలిండర్లకు గాలిని పంచే భాగంలోనే) ఇమిడి ఉండి, నీటితో చల్లబడుతుంది. కాబట్టి ఈ చర్చ మీకు వర్తించదు.

ల్యాగ్ గురించి చెప్పేవారు లెక్క చూడరు. 2 లీటర్ల ఇంజను 3000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు దాదాపు 50 లీటర్ల గాలిని మింగుతుంది. ఇంటర్‌కూలర్ లోపలి పరిమాణం 5 లీటర్లు పెరిగినా, దాన్ని నింపడానికి పట్టే అదనపు సమయం సెకనులో పదో వంతు. అంతకంటే మన కాలు యాక్సిలరేటర్ మీద ఆడే తడబాటే ఎక్కువ.

డాలస్ బాబాయి (టెక్సస్):

ఇక్కడ కూడా వేసవిలో 40 డిగ్రీలు మామూలే. నా ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐలో కూడా ఆక్టేవియా ఇంజను కుటుంబపు ఇంజనే. సొంత బండ్లను రేసు ట్రాక్ మీద నడిపే ట్రాక్ రోజులకు వెళ్తుంటాను కనుక నాలుగేళ్ల క్రితం పెద్దది వేయించాను. కోరు నిర్మాణాన్ని బట్టి బార్ అండ్ ప్లేట్, ట్యూబ్ అండ్ ఫిన్ అని రెండు రకాలు దొరుకుతాయి. మొదటిది బరువైనది. వేడిని నిదానంగా పీల్చుకుంటుంది, ఒకసారి వేడెక్కితే చల్లబడటమూ నిదానమే. రెండవది తేలికైనది, వెనుక రేడియేటరుకు గాలిని ఎక్కువగా వదులుతుంది, వేగం అందుకోగానే త్వరగా చల్లబడుతుంది. ఇరవై నిమిషాలు ఆగకుండా ట్రాక్ మీద తిరిగే నాకు మొదటిది ఉపయోగపడింది. ఊరి ట్రాఫిక్‌లో నిలిచి, అప్పుడప్పుడు హైవే ఎక్కే బండికి నేనైతే రెండవదే కొంటాను.

నాలుగోగేరు:

బాబాయి గారి అనుభవమే నా వాదనకు సాక్ష్యం. తేడా లేకపోతే నాలుగేళ్లుగా ఎందుకు ఉంచుకున్నారు?

డాలస్ బాబాయి:

ట్రాక్ మీద తేడా ఉన్నది నాయనా. ఆఫీసుకు వెళ్లే దారిలో ఉన్నదని నేనెక్కడా అనలేదు.

కాగితాలమనిషి (గుంటూరు):

చర్చంతా వేడి మీదే నడుస్తున్నది గనుక చట్టం సంగతి గుర్తు చేస్తున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షనులో ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష లేదా రెండూ ఉన్నాయి. బంపర్ వెనుక దాగినదాన్ని పోలీసులు చూడకపోవచ్చు, కానీ ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు తప్పక చూస్తాడు. రీమ్యాప్ సంగతే ఇంకా బీమావారికి చెప్పి ఉండరని నా అనుమానం.

కృష్ణాతీరం:

అనుమానం నిజమే, చెప్పలేదు. ఆ పని ఈ వారం చేస్తాను.

షెడ్డు మనిషి గారి మాట ప్రకారం లీకు పరీక్ష చేయించాను. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు వెళ్లే గొట్టం సీలు ఒకచోట చిట్లి ఉన్నది. రీమ్యాప్ చేసినవారు దీన్ని ఎందుకు చూడలేదో తెలియదు. సీలు మార్చే ముందు, మార్చిన తరువాత, 38 డిగ్రీల ఎండలో, ఖాళీ రోడ్డు మీద మూడవ గేరులో మూడు పరుగులు తీసి ఓబీడీ పరికరంతో (ఈసీయూ అంకెలను చూపించేది) చూసి రాసుకున్నాను. ముందు మూడవ పరుగు చివర ఇన్‌టేక్ గాలి 78 డిగ్రీలకు చేరింది. సీలు మార్చాక 66 దగ్గర ఆగింది. టైమింగు ఇంకా కొద్దిగా వెనక్కి పోతున్నది గాని లారీలను దాటేటప్పుడు నీరసం తెలియడం లేదు. ఖర్చయినది 1800 రూపాయలు.

నాలుగోగేరు:

66 డిగ్రీలు కూడా ఎక్కువే. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద నాలుగు ల్యాపులు వేసి అప్పుడు చెప్పండి.

కృష్ణాతీరం:

ట్రాక్‌కు వెళ్లే రోజు వచ్చినా, బండి ఎక్కువగా తిరిగేది రోడ్డు మీదే కనుక ట్యూబ్ అండ్ ఫిన్ రకమే కొంటాను, అదీ పీడన నష్టం అంకె చూపించిన వారి దగ్గరే. ఈ వేసవికి మాత్రం కంపెనీదే ఉంచుతున్నాను. బండిలో ఏసీ చల్లదనం తగ్గితే ఇంట్లో జరిగే చర్చ ఇంతకంటే వేడిగా ఉంటుంది.