కమాన్ పట్టీతో నకిరి చేస్తుంటే నీళ్లలో టింగ్ మంది, తప్పెక్కడ?

కొత్తకొలిమి:
నమస్తే అందరికీ. జపనీస్ కత్తుల పిచ్చి పట్టి ఏడాదవుతోంది, కొనాలంటే జేబు ఒప్పుకోవట్లేదు, సరే మనమే చేద్దామని దిగా. మా ఊళ్లో కమ్మరి బాబాయ్ కొలిమి దగ్గర లారీ కమాన్ పట్టీ ముక్కని సాగగొట్టి, కూరగాయలు తరిగే నకిరి షేప్‌కి తెచ్చాం, ఆకురాయితో అంచు కూడా బ్లేడులా పల్చగా చేసేశా. వీడియోలో జపాన్ తాత నీళ్లలోనే ముంచాడు కదా అని బాగా కాల్చి బకెట్లో ముంచా. టింగ్! అంచు నుంచి అరంగుళం చీలిక. బాబాయ్ ఒకటే నవ్వు. అసలు నాకు గ్యుటో (అన్నిటికీ వాడే పొడుగాటి జపనీస్ చెఫ్ కత్తి) చేయాలనుంది, డిజైన్ ఎక్కడ మొదలెట్టాలి?

బొగ్గుమసి:
తమ్ముడూ ఆ తాత చేతిలో ఉన్నది షిరోగామి అనే జపాన్ ఉక్కు అయ్యుంటుంది. అందులో కార్బన్ తప్ప కలిపినవి దాదాపు ఏమీ ఉండవు, టక్కున చల్లారితేనే గట్టిపడుద్ది, అందుకే నీళ్లు. కమాన్ పట్టీకి అంత స్పీడు అక్కర్లేదు, నూనె చాలు. పల్లీ నూనె 50-60 డిగ్రీలకి వెచ్చబెట్టి ఇనప డబ్బాలో పోసుకో, ప్లాస్టిక్ వద్దు, మూత పక్కనే పెట్టుకో, మంట లేస్తే మూసేయాలి. ఇంకోటి, కాల్చి ముంచి గట్టిపరచకముందే అంచు అంత పల్చగా చేస్తారా ఎవరైనా? ఒక మిల్లీమీటరు ఉంచు, మిగతాది తర్వాత సానమీద. గట్టిపడ్డాక ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, రెండుసార్లు. అది మానేస్తే కిందపడితే గాజులా పగులుద్ది.

ఒసాకాలోఉంటా:
ఇక్కడ ఒసాకా పక్కనే, కత్తులకి పేరున్న సకాయ్‌లో ఒక వర్క్‌షాప్ చూశానండి. లోపల చీకటే, కిటికీలు కూడా మూసేశారు, ఎందుకంటే ఇనుము రంగు కంటితోనే చూసుకోవాలట. ముంచేముందు కత్తికి పల్చగా మట్టి పూసి ఆరబెడతారు, నీళ్లలో ఆవిరి పొర కట్టకుండా సమానంగా చల్లారడానికి. పైగా చాలా కత్తుల్లో గట్టి ఉక్కు ఉండేది అంచు దగ్గరే, మిగతాదంతా మెత్తటి ఇనుము. సాగగొట్టేది ఒకరు, సాన పట్టేది ఇంకొకరు, పిడి వేసేది మరొకరు. మనం మూడూ ఒక్క ఆదివారంలో కానిచ్చేద్దాం అనుకుంటాం 😀

అట్టముక్క:
గ్యుటో అంటే మామూలుగా 210 మిల్లీమీటర్లు, అంతకంటే పొడుగువీ ఉంటాయి, అంత పొడుగు వంకరపోకుండా మొదట్లో కష్టం. నకిరియే మళ్లీ చెయ్, 165 చాలు. ముందు అట్టముక్క కోసి చేత్తో పట్టుకుని చాపింగ్ బోర్డు మీద ఆడించి చూడు, వేళ్ల కణుపులు బోర్డుకి తగులుతున్నాయంటే మడమ దగ్గర (అంటే అంచుకి పిడి వైపు కొస దగ్గర) ఎత్తు చాలలేదని. వెన్ను పిడి దగ్గర రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఉండి కొసకి పోనుపోను సన్నబడాలి. నా మొదటిది అన్నిచోట్లా ఒకే మందం, క్యారెట్ తెగేది కాదు, చీలేది.

కొత్తకొలిమి:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. ఆ పగిలిన ముక్కని బిగించి విరగ్గొట్టా, లోపల పంచదార పలుకుల్లా గరుగ్గా మెరుస్తోంది, అది నార్మలేనా?

బొగ్గుమసి:
కాదు, ఎక్కువ కాల్చేశావ్. సరిగ్గా వస్తే బూడిద రంగులో, మెత్తటి పిండిలా కనపడుద్ది. పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి తీగకి కట్టుకో, కత్తి దానికి అంటుకోవడం మానేశాక కొంచెం పైకి వెళ్లి ఆపెయ్. అంతకుముందు మూడుసార్లు అలాగే కాల్చి గాలికి వదిలెయ్, ప్రతిసారీ వేడి కాస్త తగ్గించుకుంటూ. బాబాయ్‌ని అడుగు, అయస్కాంతం లేకుండానే రంగు చెప్పేస్తాడు.