సుప్రీంకోర్టు లెక్కలు ఎక్కడ చూస్తున్నారు?

కృష్ణాతీరం:
ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్ రాస్తున్నాను. సుప్రీంకోర్టుకు ఏటా ఎన్ని కేసులు వస్తున్నాయి, ఎన్ని తేలుతున్నాయి, ఒక్కో జడ్జి మీద ఎంత భారం పడుతోంది అన్నది టాపిక్. ఏ వ్యాసం చూసినా ఒక్కో అంకె. గైడ్ గారేమో "సోర్స్ ఏది?" అని పట్టుకున్నారు. టెన్షన్‌గా ఉంది.

లైబ్రరీమూల:
ముందు నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ చూడండి, కోర్టుల్లో కేసుల లెక్కలు చూపించే ప్రభుత్వ సైట్ అది. సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో అందులో చేరింది. అప్పటికి పెండింగ్ 80 వేల దాకా ఉంది. సివిల్, క్రిమినల్ విడిగా, ఏ ఏడాది కేసులు ఎన్ని మిగిలాయో, ఐదుగురు, ఏడుగురు, తొమ్మిది మంది జడ్జిల బెంచీల కోసం ఎన్ని ఆగాయో కనిపిస్తాయి. కాకపోతే రోజూ మారే అంకెలు. చూసిన రోజే పీడీఎఫ్ తీసి తేదీ వేసుకోండి.

పాతవకీలు:
మారని అంకె కావాలంటే పార్లమెంటులో న్యాయశాఖ మంత్రి ఇచ్చిన జవాబులు వెతకండమ్మా. ప్రశ్న నంబరు, తేదీ ఉంటాయి. ఫుట్‌నోట్‌కి అంతకంటే ఏం కావాలి? కోర్టు వార్షిక నివేదికలు, 'కోర్ట్ న్యూస్' పాత సంచికలు కూడా తిరగేయండి.

లెక్కలపిచ్చి:
అన్నిటికంటే ముందు, మీరు లెక్కపెట్టేది ఫైళ్లనా, తీర్పులనా? 2023 డిసెంబరు 11 నాటి ఆర్టికల్ 370 తీర్పే తీసుకోండి. ఇరవైకి పైగా పిటిషన్లు కలిపి విన్నారు. పెండింగ్ లెక్కలో దేనికదే ఒక కేసు. సుప్రీంకోర్టు తీర్పుల ఆన్‌లైన్ సంకలనం ఈ-ఎస్‌సీఆర్‌లో మాత్రం ఒకే తీర్పు. దాని న్యూట్రల్ సైటేషన్, అంటే తీర్పుకి కోర్టే ఇచ్చే వరస నంబరు, 2023 ఐఎన్‌ఎస్‌సీ 1058. అంటే ఏడాది చివరికొచ్చినా ఆ వరస వెయ్యి దాటి కొంచెమే. అదే ఏడాది పరిష్కరించామని కోర్టు చెప్పినవి 52 వేలకు పైనే! మిగతావాటిలో చాలావరకు ఎస్‌ఎల్‌పీలు (అప్పీలుకి ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్లు), విచారణకు తీసుకోవాలా వద్దా అని చూసే అడ్మిషన్ దశలోనే నాలుగు లైన్ల ఆర్డరుతో పోతాయి. పెద్ద తీర్పులు నాలుగు చదివి "కోర్టు ధోరణి ఇదీ" అని తేల్చేసే వ్యాసాలంటే నాకు అందుకే ఒళ్లుమంట.

కృష్ణాతీరం:
అమ్మో! మరి జడ్జికి ఇన్ని అని తీయాలంటే 34తో భాగిస్తే చాలా అన్నా?

లెక్కలపిచ్చి:
చాలదు. 34 అనేది మంజూరైన సంఖ్య, అదీ 2019 నుంచే. అంతకుముందు 2009 నుంచి 31. 1950లో సీజేఐతో కలిపి 8 మందే. పైగా ఖాళీలుంటాయి. జడ్జిలు చేరిన, దిగిపోయిన తేదీలు కోర్టు సైట్‌లోనే ఉన్నాయి. ఎక్సెల్‌లో వేసుకుని ఏ నెలలో ఎంతమంది ఉన్నారో తీయండి. మామూలుగా ఇద్దరు కలిసి ఒక బెంచీ అన్నది మరిచిపోవద్దు.

పాతవకీలు:
జడ్జిల నేపథ్యాలకు జార్జ్ గాడ్‌బోయిస్ పుస్తకం ఉంది. 1950 నుంచి 1989 దాకా 93 మంది. సీజేఐగా చేసిన మన కోకా సుబ్బారావు గారు కూడా ఉన్నారు.

లైబ్రరీమూల:
కేసు వేయగానే ఇచ్చే డైరీ నంబరు పడి, లోపాలు సరిచేయక రిజిస్టర్ కాని ఫైళ్లు గ్రిడ్‌లో వేరుగా చూపిస్తారు. అవి కలిపితే ఒక అంకె, తీసేస్తే ఒకటి. మీ వ్యాసాల్లో తేడాలు అక్కడే మొదలై ఉండొచ్చు, చూడండి.

కృష్ణాతీరం:
అందరికీ థ్యాంక్స్. జడ్జిల తేదీల షీట్ మొదలుపెడుతున్నా. పూర్తయ్యాక ఇక్కడే పెడతాను.