మా బాబు మెకానిక్ వెంట తిరుగుతున్నాడు, ఆపాలా?

ప్రశ్న (నకిరేకల్ దగ్గరి ఒక తల్లి):
మూడేళ్ల క్రితం మా ఆయన తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోయారు. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న మా బాబు ఇప్పుడు నాలుగో తరగతి చదువుతున్నాడు. ఏడాదిగా బడి వదలగానే సంచి ఇంట్లో పడేసి, ఊరి చివర ట్రాక్టర్లు బాగుచేసే ఆయన షెడ్డుకు పరుగెత్తుతున్నాడు. ఆయన బండి కింద పడుకొని చేయి చాపితే చాలు, ఏ పానా కావాలో అడగకముందే అందిస్తాడు. ఇంటికి వచ్చాక చేతులకు అంటిన గ్రీజును నన్ను కడగనివ్వడు. మొన్న బడిలో ఇచ్చిన కాగితంలో 'తండ్రి వృత్తి' అన్నచోట 'మెకానిక్' అని రాశాడు. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన సంసారి, మంచివారే. కానీ ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అంటారేమోనని ఒక భయం, రేపు ఆయన విసుక్కుంటే వీడు తట్టుకోలేడని ఇంకో భయం. మిర్యాలగూడలో రైస్‌మిల్లులో పనిచేసే మా అన్న, బాబును తన దగ్గరే ఉంచుకొని చదివిస్తానంటున్నాడు. పంపించమంటారా?

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి):
అక్కా, నాకు ఆరేళ్లున్నప్పుడు మా నాయిన బొంబాయి పనికి పోయి తిరిగి రాలేదు. బడిలో ఎవరడిగినా 'నాయిన బొంబాయిలో ఉన్నాడు, దీపావళికి వస్తాడు' అని పదో తరగతి దాకా చెప్పాను. మీ బాబు రాసిన మాట కూడా అటువంటిదే, దాన్ని అబద్ధంగా లెక్కపెట్టకండి. నేను మొదట మా ఊరి బస్సు కండక్టరును పట్టుకున్నాను. ఒకరోజు ఆయన అందరి ముందూ కసురుకుంటే రెండు రోజులు అన్నం తినలేదు, అయినా మళ్లీ మామూలయ్యాను. ఆ తర్వాత లెక్కల సారు, చివరికి మా చిన్న మేనమామ. ఏటా కురుమూర్తి జాతరకు తీసుకెళ్లి, స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం నాడు ఆ జనంలో తప్పిపోతానని తన తువ్వాలు కొసను నా మణికట్టుకు కట్టేవాడు. ఆయనను ఎన్నడూ నాయినా అని పిలవలేదు, పిలవాలనిపించలేదు కూడా. పత్తి ఏరినట్టు నేను ఒక్కో మనిషి దగ్గర కొంత ఏరుకున్నాను. షెడ్డు మాన్పించకండి.

జవాబు 2 (దేవరకొండ, విశ్రాంత ఉపాధ్యాయురాలు):
అమ్మా, పై తమ్ముడు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెబుతున్నాను. ఎంత మంచివారైనా సరే, ఒకసారి మీరే ఆ షెడ్డుకు వెళ్లి, ఆయన భార్య కూడా ఉన్నప్పుడు, బాబు ఎంతసేపు ఉండవచ్చో, చీకటి పడకముందే ఇంటికి పంపాలని మాట్లాడుకోండి. దానితో ఊరి నోటికీ సమాధానం దొరుకుతుంది. ఏ పెద్దమనిషైనా 'ఇది అమ్మకు చెప్పకు' అన్ననాడు తప్పక మీకు చెప్పాలని బాబుకు నేర్పండి. అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయవచ్చు. ఇక చదువు ఖర్చు కోసమే పంపాలనుకుంటే తొందరపడకండి. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద, తల్లి దగ్గరే పెరుగుతున్న ఇటువంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి.

జవాబు 3 (సూర్యాపేట నుంచి):
చెల్లెమ్మా, నా అభిప్రాయం వేరు. మెకానిక్‌కు రేపు వేరే ఊళ్లో పని దొరికితే వెళ్లిపోతాడు, మేనమామ ఎక్కడికీ పోడు. ఇప్పుడే పంపకపోయినా సెలవులన్నీ అక్కడే గడిపేలా చూడండి.

ప్రశ్న అడిగిన తల్లి:
అందరికీ నమస్కారం. నిన్న షెడ్డుకు వెళ్లి ఆ దంపతులతో మాట్లాడాను. దసరా సెలవులకు మా అన్న దగ్గరికి పంపుతాను, చదువు మాత్రం ఇక్కడే. రాత్రి అటక మీద నుంచి మా ఆయన తాటిచెట్టు ఎక్కడానికి వాడిన తాడు, మోకును దించి బాబు ముందు పెట్టాను. ఇన్నాళ్లూ నేనే దాన్ని చూడలేక దాచాను. వాడు దాన్ని చాలాసేపు వాసన చూసి, 'నాయిన దీన్ని నడుముకు ఎట్లా కట్టుకునేవాడు?' అని అడిగాడు. నాకు తెలియదు. మా ఆయనతో కలిసి చెట్లెక్కిన పెద్దాయన ఒకరు పక్క వీధిలోనే ఉన్నారు. ఆదివారం పొద్దున, మోకు పట్టుకొని ఇద్దరమూ ఆయన ఇంటికి వెళ్తున్నాము.