మలావీ పల్లెలో రెండేళ్ళు: మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న (ఒక తండ్రి, న్యూజెర్సీ):

నమస్కారం. ఇక్కడే పుట్టి పెరిగి, నిరుడు డిగ్రీ పూర్తిచేసిన మా అమ్మాయికి అమెరికా ప్రభుత్వపు స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ ద్వారా ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఒక పల్లె పాఠశాలలో సైన్సు చెప్పే అవకాశం వచ్చింది. మూడు నెలల శిక్షణ, ఆపైన రెండేళ్ళ సేవ, వెరసి 27 నెలలు. తను శాకాహారి. ఇంట్లో కరెంటు, కుళాయి ఉండవని ముందే చెప్పారట. నేను అనంతపురం జిల్లాలో బావినీళ్ళు తోడుకునే ఇంట్లో పెరిగినవాడినే అయినా, కన్నపిల్ల విషయానికి వచ్చేసరికి ధైర్యం చాలడం లేదు. అక్కడ ఉండి వచ్చినవారు తిండి, నీళ్ళు, జబ్బుల సంగతి దాచకుండా చెప్పగలరు.

జవాబు 1 (మాజీ వాలంటీరు):

అయ్యా, నేను ఆ దేశపు దక్షిణ ప్రాంతంలో రెండేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి వచ్చాను. తిండి గురించి, అందులోనూ సంకటి తిని పెరిగిన మీరు, దిగులు పడనక్కరలేదు. అక్కడి ‘న్సీమా’ మొక్కజొన్న పిండితో కెలికిన తెల్లటి సంకటే. దాన్ని వేళ్ళతో చిన్న ముద్దచేసి, వేరుశనగ పొడి వేసి ఉడికించిన గుమ్మడాకు కూరలో అద్దుకుని తింటారు. తోటకూర, చిక్కుడు గింజలు, కందులు కూడా దొరుకుతాయి. మొక్కజొన్న చేలలోనే కంది కలిపి వేస్తారు. ఏటా 50 వేల టన్నులు కొంటామని 2021లో భారతదేశం ఒప్పందం చేసుకున్నది ఈ మలావీ కందులకే. అయితే వాళ్ళు పప్పు చేసుకోరు, గింజలనే ఉడకబెట్టుకుంటారు. నేను ఒకసారి కందులు నానబెట్టి, ఎండబెట్టి, దంచి, పొట్టు చెరిగి పప్పు వండిపెడితే, పక్కింటావిడ రుచి చూసి, ఇంత కష్టపడి మంచి గింజలను ఎందుకు పాడుచేశావని అడిగింది.

తిండి విషయంలో అసలు కష్టం జనవరి నుంచి మార్చి వరకు ఉంటుంది. పాత పంట అయిపోతుంది, కొత్త కంకులు ఇంకా గట్టిపడవు, చాలా ఇళ్ళలో ఒంటిపూట భోజనమే. మీ అమ్మాయికి నెలనెలా భత్యం వస్తుంది కనుక పిండికి లోటుండదు. పక్కింటి పొయ్యి వెలగలేదని తెలిసి, తలుపు దగ్గరగా వేసుకుని వండుకోవడం మాత్రం నాకు ఆ రెండేళ్ళలోనూ అలవాటు కాలేదు.

నీళ్ళ కోసం తెల్లవారుజామునే బోరింగు దగ్గర వరుస కట్టాలి. చుట్టకుదురు మీద 20 లీటర్ల బకెట్టు పెట్టుకుని, నీళ్ళు తొణక్కుండా పైన ఒక ప్లాస్టిక్ పళ్ళెం వేసుకుని నడుస్తారు. మొదటివారం సగం నీళ్ళు నా వీపు మీదనే పోయాయి. దారిలో ఎదురైన ప్రతివారినీ ‘మ్వాద్జుక బ్వాంజీ’, అంటే ఎలా నిద్రలేచారు అని పలకరించాలి. తడిసిపోతున్నామని తల వంచుకుని పోతే పొగరనుకుంటారు.

మలేరియా మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు, దోమతెర లేకుండా పడుకోకూడదు. మలావీ సరస్సు చాలా అందంగా ఉంటుంది గానీ, అందులోని నత్తల ద్వారా బిల్హార్జియా అనే పరాన్నజీవి జబ్బు సోకుతుంది. ఈతకు దిగితే ఆ తరువాత తప్పక పరీక్ష చేయించుకోవాలి.

జవాబు 2 (మలావీలోని బ్లాంటైర్ నగరంలో వ్యాపారం):

పై మాటలన్నీ నిజమే. నా సందేహం వేరు. రెండేళ్ళకొకరు వచ్చి వెళ్ళిపోతుంటే ఆ బడికి మిగిలేదేమిటి? కోవిడ్ కారణంగా 2020 మార్చిలో పీస్ కోర్ అన్ని దేశాలలోని వాలంటీర్లను ఒక్కసారిగా వెనక్కి పిలిపించుకుంది. అప్పుడు ఆ పిల్లలకు మిగతా పాఠం ఎవరు చెప్పారు? స్థానిక ఉపాధ్యాయుడికి జీతమిచ్చి నిలబెట్టడం ఇంతకన్నా మేలని నా అభిప్రాయం.

జవాబు 3 (మాజీ వాలంటీరు):

మీ సందేహాన్ని కొట్టివేయలేను. అందుకే రెండో ఏడు నుంచి నేను ఒంటరిగా పాఠం చెప్పడం మానేసి, అక్కడి గణితం మాస్టారితో కలిసి చెప్పాను. కరెంటే లేని బడిలో విద్యుత్ వలయాల పాఠానికి పాత రేడియో బ్యాటరీలు, టార్చి బల్బు, రాగితీగ వాడుదామన్నది ఆయన ఆలోచనే. మొదట్లో ఊళ్ళో చావు జరిగి బడి మూతపడితే, సిలబస్ వెనకబడుతోందని విసుక్కునేదాన్ని. ఆ మాస్టారే నన్ను మందలించారు. అటుపైన నడుముకు ‘చితెంజె’ గుడ్డ చుట్టుకుని, ఒక పళ్ళెం పిండి పట్టుకుని వెళ్ళి, ఆడవాళ్ళ మధ్య నేల మీద కూర్చునేదాన్ని. ఆ మూడు నెలల శిక్షణలో మీ అమ్మాయిని అక్కడివాళ్ళు మాట్లాడే చిచేవా భాష మీద శ్రద్ధ పెట్టమనండి. దాని ముందు తక్కినవన్నీ చిన్నవే.

ప్రశ్నించినవారు:

అందరికీ కృతజ్ఞతలు. వెళ్ళేటప్పుడు సామానులో ఆవకాయ జాడీ పెట్టవచ్చునా అని మా ఆవిడ అడుగుతోంది.

జవాబు 4 (మాజీ వాలంటీరు):

జాడీ బరువు ఎందుకండీ? డిసెంబరుకల్లా అక్కడ మామిడికాయలు చెట్ల కింద రాలి పడుంటాయి. ‘కాంబూజి’ అనే గుండ్రటి బుల్లి మిరప మన గుంటూరు కారాన్ని మరిపిస్తుంది. ఆవపిండి, మెంతులు మాత్రం కట్టి పంపండి.