మట్టి దాకలో చేపల పులుసు: రంగు ఎట్టా పట్టాలి?

కావలి కుంచె: స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని వేసే బొమ్మ) వేస్తున్నా. మట్టి దాకలో చేపల పులుసు, పక్కన రెండు ఉలవపాడు బంగినపల్లి పండ్లు, ఉదయగిరి చెక్క గరిటె. అక్రిలిక్ రంగులు. పులుసు దగ్గరే చిక్కు. ఎరుపు పూస్తే కొట్టొచ్చినట్టుంది, బ్రౌన్ కలిపితే చచ్చిపోతా ఉంది.

ఒంగోలు డ్రాయింగ్ మాస్టారు: రంగు తర్వాత, ముందు వెలుతురు చూడు నాయనా. ట్యూబ్‌లైట్ ఆపి ఒక్క కిటికీ తెరువు. ఉత్తరం కిటికీ అయితే ఎండ నేరుగా పడేది తక్కువ, నీడలు అంతగా జరగవు. దాకని పీట మీద, కంటికి బాగా కిందుగా పెట్టు, లేకపోతే మూతి సన్నబడి పులుసే కనపడదు. నిలువుగా మధ్యగీత గీసుకుని మూతి అండాకారాన్ని రెండు పక్కలా సరిచూడు. కొసల్లో మొనదేలకూడదు, గుండ్రంగా తిరగాలి. తర్వాత కళ్ళు సగం మూసి చూసి, నీడలన్నీ పలచటి బర్న్ట్ సియెన్నాతో (ఎర్రమట్టి లాంటి గోధుమరంగు) వేసెయ్.

గూడూరు అక్క: మన పులుసు అచ్చంగా ఎరుపు కాదు తమ్ముడూ, చింతపండుకి నలుపు తిరిగిన ఎరుపు. బర్న్ట్ సియెన్నాలో కాస్త క్రిమ్సన్ (ముదురు ఎరుపు), నీడ పక్క అల్ట్రామెరీన్ (ముదురు నీలం) చుక్క. నల్ల ట్యూబు ముట్టుకోవద్దు. నూనె తేలిన అంచుకి మాత్రం, కింద రంగు ఆరినాక, నారింజ పలచగా పుయ్యి. అసలు వండిన రోజు వెయ్యొద్దు. మర్నాటికి నూనె పైకి తేరుకుంటది, ముక్క గట్టిపడి చెదరదు.

చిన్నబజారు: మర్నాటికి పులుసు మిగిలే ఇల్లు యాడుందక్కా?

అద్దంకి నీటిరంగులు: వాటర్‌కలర్‌లో అయితే మెరుపు ఉండేచోట కాగితాన్నే తెల్లగా వదిలేస్తాం. నీకు ఆ బాధ లేదు, చివర్లో పెట్టుకోవచ్చు. అయితే అక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది, అందుకని కలిపేటప్పుడే ఒక మెట్టు లేతగా కలుపు. ఫోటో చూసి వేద్దామనుకోకు, ఫోన్ కెమెరా నీడల్ని మసి చేసేస్తుంది.

కావలి కుంచె: మరి మామిడిపండు నీడకి?

ఒంగోలు డ్రాయింగ్ మాస్టారు: పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చకి తిరిగి పండు కాస్తా కాయవుతుంది. ఎల్లో ఆకర్‌లో (మట్టి పసుపు) రవ్వంత ఊదా కలుపు. దాక వైపు ఉన్న చెంప మీద మట్టి ఎరుపు పడుతుంది, అది చాలామంది వదిలేస్తారు. అది పడితేనే రెండూ ఒకే పీట మీద ఉన్నట్టుంటాయి. పులుసు మీద మెరుపులు రెండో మూడో చాలు, అవీ కిటికీ ఆకారంలో ఉండాలి.

గూడూరు అక్క: వెనకాల నీలం లుంగీ కట్టు. నారింజ పక్కన నీలం ఉంటే నూనె ఇంకా వెలుగుతది. పిల్లిని మటుకు గదిలోకి రానీయొద్దు.

చిన్నబజారు: తొందరగా కానీ అన్నా. ఫ్రాన్సు చిత్రకారుడు సెజాన్ నిదానంగా వేస్తా ఉంటే పండ్లు కుళ్ళిపోయేవంట. ఇది చేప!

కావలి కుంచె: రేపు బొచ్చె చేప తెస్తా. నూనె రెండు గరిటెలు ఎక్కువెయ్యమంటే, "తినేదానికా, గీసేదానికా?" అంటా ఉంది అమ్మ.