8 కిలోల పాపకి స్టెమ్ సెల్ కలెక్షన్, ఎవరైనా చేయించారా?

బుజ్జి అమ్మ:
మా పాపకి 14 నెలలు, బరువు 8 కిలోలు. న్యూరోబ్లాస్టోమా (చిన్నపిల్లల్లో నరాల కణాలకి వచ్చే క్యాన్సర్), హై రిస్క్ అన్నారు. వచ్చే కీమో తర్వాత రక్తకణాల కౌంట్లు పెరిగేటప్పుడు స్టెమ్ సెల్స్ (రక్తకణాలని తయారుచేసే మూల కణాలు) తీసి దాచి, ఆ తర్వాత పెద్ద కీమో ఇచ్చి అవే మళ్లీ ఎక్కిస్తారట. రక్తమంతా మెషిన్‌లోకి వెళ్లి వస్తుందంటున్నారు, అసలు దాని ఒంట్లో ఉన్న రక్తమే ఎంత? మా అత్తయ్యగారు విన్నప్పటి నుంచి సరిగా అన్నం తినట్లేదు. మెషిన్ వద్దు, బోన్ మ్యారో నుంచే తీయండి అని అడగొచ్చా?

చింటూ నాన్న:
మా వాడికి 9 కిలోలున్నప్పుడు చేశారమ్మా. కొన్ని రోజులు ముందు నుంచి, స్టెమ్ సెల్స్ మ్యారో నుంచి రక్తంలోకి రావడానికి జీ-సీఎస్‌ఎఫ్ అనే ఇంజెక్షన్లు, తర్వాత మత్తు ఇచ్చి మెడలో లావు లైన్ పెట్టారు. కీమో ఎక్కించడానికి చర్మం కింద పెట్టిన పోర్ట్ ఉందిగా అంటే, అందులోంచి అంత వేగంగా రక్తం లాగలేమన్నారు. మెషిన్ మీద ఉన్నంతసేపూ ఫోన్‌లో బొమ్మలు చూస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి ముఖం అదోలా పెట్టి పెదాలు చప్పరించడం మొదలుపెట్టాడు, ఆకలేమో అనుకున్నాం గానీ సిస్టర్ చూసి వెంటనే కాల్షియం పెంచారు. పెద్దవాళ్లైతే మూతి తిమ్మిరిగా ఉందని చెప్తారు, వీళ్లు చెప్పలేరు కదా, మీరు పక్కనే ఉండి ముఖం చూస్తూ ఉండండి.

బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్:
పాప ఒంట్లో 600 నుంచి 650 ఎంఎల్ రక్తం ఉంటుంది. మెషిన్ ట్యూబులు నిండటానికే, కిట్‌ని బట్టి, 150 నుంచి 300 దాకా కావాలి. అందుకే ఇంత చిన్న పిల్లలకి ముందుగా డోనర్ ఎర్రకణాలతో ట్యూబులు నింపి, అప్పుడు కనెక్ట్ చేస్తారు. కాబట్టి ఏ క్షణంలోనూ ఒంట్లో రక్తం ఒక్కసారిగా తగ్గదు. కాల్షియం పడిపోయేది గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల, దానికి డ్రిప్ పెడతారు. మ్యారో నుంచి కూడా తీయొచ్చు గానీ, అందులోనూ కిలోకి 10 నుంచి 20 ఎంఎల్ లాగాలి, పైగా రక్తంలోంచి తీసిన సెల్స్‌తో కౌంట్లు త్వరగా కోలుకుంటాయి.

బుజ్జి అమ్మ:
థాంక్స్ అండీ. ఆ డోనర్ రక్తం మా మరిది ఇస్తానంటున్నాడు.

బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్:
వద్దండీ, వేరేవాళ్లకి ఇమ్మనండి. దగ్గరి బంధువుల తెల్లకణాలని పాప ఒళ్లు పరాయివని గుర్తుపట్టకపోవచ్చు, అవి లోపల పెరిగి పాప మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. ఎవరిదైనా సరే, ఆ తెల్లకణాలు పెరగకుండా రేడియేషన్ ఇచ్చిన రక్తమేనా అని అడగండి, అన్ని బ్లడ్ బ్యాంకుల్లో ఆ మెషిన్ ఉండదు.

చింటూ నాన్న:
ఇంకొకటి. కిలోకి కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (స్టెమ్ సెల్స్‌ని లెక్కపెట్టేది ఈ గుర్తుతోనే) రావాలి. తక్కువొస్తే మర్నాడు మళ్లీ పెడతారు, మాకు అలాగే అయింది. అయిపోయాక ప్లేట్‌లెట్స్ కూడా బాగా పడిపోతాయి, మీ మరిదిని ఆ డోనర్లని వెతికే పని మీద పెట్టండి.